ప్రశాంతి చిటికెన వేలు

మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో ఆ పిల్లకి ప్రశాంతి అని ఎవరు పేరు పెట్టారో గాని, అది నోరు విప్పకముందే పెట్టి ఉంటారు. వాళ్ళ క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. అది వాళ్ళింట్లో మంచినీళ్ళు అడిగితే మా ఇంట్లో నేను గ్లాసు అందుకునేదాన్ని. తండ్రి శ్రీనివాస్ వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో మాటలన్నీ తల్లీ భార్యా కూతురూ పంచేసుకోగా ఆయన వంతుకి తలూపడం ఒకటే మిగిలింది. ఆయన తల్లి అప్పలనర్సమ్మ, శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా ఖరగ్‌పూర్ వచ్చి, ఇక్కడే ముసలిదైంది. భార్య మీనాకుమారి మంచిదే గాని, ప్రతిదానికీ ముందు భయపడి తర్వాత ఆలోచిస్తుంది.

నా పేరు ఆలిస్. రిజర్వేషన్ కౌంటరులో పనిచేసి రిటైరయ్యి, కొడుకు జ్ఞానప్రకాశం క్వార్టరులో ఉంటున్నాను. కిటికీ అవతల నిలబడ్డవాడు నిజం చెబుతున్నాడా, ఎప్పుడో పోయిన అత్తని మళ్ళీ చంపి టికెట్ అడుగుతున్నాడా అన్నది ముఖం చూసి చెప్పగలను. ఆ అలవాటు రిటైరైనా పోలేదు. అందుకే కాలనీలో నాకు స్నేహితులు తక్కువ.

ప్రశాంతికి చదువు అంతంతమాత్రం. కాని చేతికి మెహందీ కోను ఇస్తే మాత్రం ఆ నోరు మూతపడేది. పదో తరగతిలోనే ఊళ్ళో ఖరిదా, తాల్‌బగీచా పేటల్లో పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళు. బెంగాలీ పెళ్ళికూతుళ్ళు దాని ముందు అరచేతులు చాపి గంటలకొద్దీ కూర్చునేవాళ్ళు. ఖరిదాలో ఒక చిన్న షాపు పెట్టాలన్నది దాని కోరిక. షాపు పేరు, బోర్డు రంగు, లోపల అద్దం ఎటు పెట్టాలన్నది కూడా నిర్ణయం అయిపోయింది. గోడకి ఇవతల ఉన్నాను కాబట్టి నాకూ కంఠతా వచ్చింది.

ఆ చలికాలంలో దాని కోను జారడం మొదలైంది. తీగ గీస్తూ గీస్తూ చెయ్యి పక్కకి పోయేది. కోను బాగాలేదనేది. ఎదుటివాళ్ళ చెయ్యి కదిలిందనేది. కుడి చేతి మీద ఒక పాలిపోయిన మచ్చ ఉండేది. దానికి మీనాకుమారి తామర ఆయింట్‌మెంట్ రాసింది, అప్పలనర్సమ్మ వేపాకు నూరి పట్టించింది. ప్రశాంతి మాత్రం పొడుగు చేతుల జాకెట్టు తొడిగి, దాన్ని ఎవరికీ కనబడనివ్వకుండా తిరిగేది. ఆ వయసులో ముఖం మీద మొటిమ వస్తేనే స్కూలుకి పోరు. మచ్చ సంగతి చెప్పాలా?

ఎండలు ముదిరాక మాతాపూజ వచ్చింది. మా తెలుగువాళ్ళకి ఖరగ్‌పూర్‌లో అది పెద్ద పండగ. ఘటాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు, డప్పులు, వేప మండలు, పసుపు నీళ్ళు. మేం చర్చికి పోయేవాళ్ళమైనా, డప్పు మా గోడలోంచి కూడా వినిపిస్తుంది కదా, నేనూ గుమ్మంలో నిలబడి చూస్తాను.

హారతి పళ్ళెం పట్టుకున్నది ప్రశాంతి. పళ్ళెం పక్కకి ఒరిగి, వెలుగుతున్న కర్పూరం బిళ్ళ జారి దాని అరచేతి అంచున, చిటికెన వేలి మొదట్లో పడింది. అక్కడే ఆగి మండుతోంది. ఆ పిల్ల మాత్రం పక్కనున్న స్నేహితురాలు జెనీతో ఫోను కవరు గురించి మాట్లాడుతోంది. నవ్వుతోంది కూడా. డప్పులవాడు చూశాడు. వాడి చేతి కర్ర ఆగిపోయింది. అందరూ చూశారు.

అప్పలనర్సమ్మ ఒక్క కేక పెట్టింది.

"అమ్మొచ్చినాదర్రా! నా మనవరాలి ఒంటిమీదికి అమ్మొచ్చినాది!"

ఇంకేముంది, డప్పులు రెట్టింపయ్యాయి. పూజా కమిటీ సెక్రటరీ అనిల్ కుమార్ మైకు పక్కన పడేసి, ఆ పిల్ల కాళ్ళ మీద సాష్టాంగ పడ్డాడు. అంత పొట్టతో సాష్టాంగం పడటం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ప్రశాంతి అప్పుడు కిందికి చూసి, తన చేతిలో మంట చూసి, గబుక్కున దులిపేసింది. అప్పటికే దాని నుదుటిన చారెడు కుంకుమ పడిపోయింది.

ఆ రోజు నుంచి ప్రతి మంగళవారం వాళ్ళ వరండాలో దర్శనం. ప్రశాంతి పీట మీద కూర్చునేది. అప్పలనర్సమ్మ పక్కన నిలబడి జనాన్ని వరసలో పెట్టేది. నేను కౌంటరులో కూర్చున్న ఇన్నేళ్ళలో అంత చక్కటి లైను చూడలేదు. ఎవరో కొడుకు రైల్వే పరీక్ష గురించి అడిగితే ప్రశాంతి విసుక్కుని, "సదివితే ఒస్తాది, నేకపోతే రాదు" అంది. అమ్మవారు ఎంత లోతైన మాట చెప్పిందని వాళ్ళు వారం రోజులు దాన్నే తలుచుకున్నారు. ఇంట్లో గిన్నెలు తోమమనేవాళ్ళు లేరు, చదువుకోమనేవాళ్ళు లేరు. పళ్ళూ కోవా అడక్కుండానే వస్తున్నాయి. పిల్ల కొంచెం ఒళ్ళు కూడా చేసింది.

అరచేతిలో లేచిన బొబ్బ మాత్రం పుండుగా మారింది. అమ్మవారి గుర్తు అని ముసలామె దానికి పసుపు రాసింది. ఒకనాడు మా ఇంటికి వచ్చి ఆ పిల్ల పొయ్యి మీంచి అప్పుడే దించిన స్టీలు గ్లాసు చేత్తో పట్టుకుంది. నేను పట్టుకుంటే నా చెయ్యి చురుక్కుమంది. అది హాయిగా పట్టుకుని కూర్చుంది. చిటికెన వేలూ దాని పక్క వేలూ కొద్దిగా లోపలికి వంగి ఉన్నాయి.

"ఏమే, కాలడం లేదా?" అన్నాను.

ముఖం పెట్టింది. నాకు ఆ ముఖం బాగా తెలుసు. అబద్ధం చెప్పబోయే మనిషి ముఖం. కాని మధ్యలో అది విరిగిపోయి, ఏడుపు ముఖమైంది.

"ఆంటీ, నాకు అమ్మ రానేదు. ఆ యేలు నాది కానట్టుంటాది. సలికాలం కాడినుంచి అంతే."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"సెప్తే మళ్ళీ గిన్నెలు తోమాల కదా" అంది. ఏడుస్తూనే అంది. తర్వాత మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. "ఒచ్చే మంగళవారం మళ్ళీ సేతిలో కర్పూరం ఎలిగిస్తారంట. అనిల్ అంకుల్ వీడియో తీసి గ్రూపులో పెడతాడంట. ఇంక కోను పట్టుకోనేను ఆంటీ. ఈ సెయ్యి పోతే నాకేటుంటాది?"

నాకు కోపం వచ్చిందంటే మామూలు కోపం కాదు. పదహారేళ్ళ పిల్ల చెయ్యి కాలుతుంటే దండం పెట్టుకున్నాం, అందరం కలిసి! మర్నాడే శ్రీనివాస్ చేత సెలవు పెట్టించి, ఇద్దర్నీ ఆస్పత్రిలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బెంగాలీ అమ్మాయి, చిన్న వయసు. ప్రశాంతిని కళ్ళు మూసుకోమని, పెన్ను కొసతో చేతి మీద అక్కడక్కడా తాకుతూ, తాకినచోట వేలు పెట్టి చూపించమంది. చిటికెన వేలి వైపు ఎన్నిసార్లు తాకినా ఆ పిల్ల కళ్ళు మూసుకుని, ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. అది చూసి శ్రీనివాస్ మొహం తిప్పుకున్నాడు.

డాక్టరు మోచేతి వెనక నరం తడిమి చూసి, కుష్ఠు అంది. బెంగాలీలో చెప్పినా ఆ మాట అన్ని భాషల్లోనూ ఒకేలా తగులుతుంది.

"మా ఇంట్లో ఎవరికీ నేదే!" అన్నాడు శ్రీనివాస్. ఆయన పూర్తి వాక్యం మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

డాక్టరు ఓపిగ్గా చెప్పింది. ఇది పాపం కాదు, శాపం కాదు, ఒక సూక్ష్మక్రిమి. ఏడాది పాటు మాత్రలు వాడితే పోతుంది, మాత్రలు ఉచితం. మందు మొదలుపెట్టాక ఈమె నుంచి ఎవరికీ అంటుతుందన్న భయం అక్కర్లేదు. స్కూలుకి పోవచ్చు, అందరితో కలిసి తినొచ్చు. నరం వాచింది కాబట్టి దానికి వేరే మాత్రలు కొన్ని నెలలు వాడాలి, వేళ్ళకి కసరత్తు చెయ్యాలి. తొందరగానే వచ్చారు, స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు. ఈలోగా ఆ చేతికి వేడి తగలనివ్వకూడదు.

"కోను పట్టుకోవచ్చా?" అని ప్రశాంతి అడిగింది. డాక్టరుకి అర్థం కాలేదు. మెహందీ అని నేను చెప్పాను. డాక్టరు నవ్వి, తప్పకుండా, అదే మంచి కసరత్తు అంది.

ఇంటికి వచ్చి సంగతంతా అప్పలనర్సమ్మకి చెప్పాం. వినగానే తన అనుమానం అడిగింది.

"అమ్మ ఒంట్లో ఉండగా ఆ రోగం ఎలాగొచ్చినాదే?"

"రోగమే ముందొచ్చినాది మామ్మా. అమ్మ అసలు రానేదు."

మంగళవారం వచ్చింది. లైను వీధి మలుపుదాకా ఉంది. అనిల్ కుమార్ ఫోను పట్టుకుని ముందు నిలబడ్డాడు. ఇంట్లోవాళ్ళు తలుపు వేసేద్దామన్నారు, ఏదో జ్వరమని చెబుదామన్నారు. ప్రశాంతి వినలేదు. పీట మీద కూర్చోలేదు, పీట ఎక్కి నిలబడింది.

"నాకు అమ్మ రానేదు. కుష్ఠు ఒచ్చినాది. మందు ఏసుకుంటన్నాను, తగ్గిపోతాది. ఇంక కొబ్బరికాయలు తేకండి."

వరండా ఖాళీ కావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను, మీరు నమ్మరు. ఒకావిడ కొట్టబోయిన కొబ్బరికాయ వెనక్కి సంచిలో వేసుకుని మరీ పోయింది. తొందరలో చెప్పులు తారుమారయ్యాయి. అనిల్ కుమార్ ఒక కాలికి తన బూటు, రెండో కాలికి ఎవరిదో ఆడవాళ్ళ చెప్పు వేసుకుని నడుస్తూ, నడుస్తూనే వీడియో డిలీట్ చేస్తున్నాడు.

అది చూసి నేను నవ్వాను. ప్రశాంతి నవ్వలేదు. వరండాలో మిగిలిన చెప్పులు ఒక్కొక్కటీ ఏరి, జతలు చేసి, గోడవారగా పెట్టింది. వాళ్ళు తిరిగి వస్తారని కాబోలు.

ఆ తర్వాత రోజులు బాగాలేవు. స్కూల్లో దాని బెంచీ మీద అది ఒక్కతే. జెనీ ఫోనులో మాట్లాడేది గాని, వాళ్ళమ్మ ఉన్నప్పుడు కాదు. మాత్రల వల్ల ఒళ్ళు నల్లబడింది. నరం మందుకి ముఖం గుండ్రంగా ఉబ్బింది. పూరీ పొంగినట్టుందని అదే అద్దంలో చూసుకుని అనేది. ఫోటోలు తీసుకోవడం మానేసింది. కారణం తెలియని ఖరిదావాళ్ళు మాత్రం పిల్ల బాగా పుష్టిగా ఉందని మెచ్చుకునేవాళ్ళు. మీనాకుమారి భయంకొద్దీ దాని కంచం, గ్లాసు వేరే పెట్టింది. డాక్టరు వద్దని చెప్పిందని నేను గోడకి ఇవతల నుంచి అరిచాను. వినిపించుకోలేదు.

వినిపించుకున్నది అప్పలనర్సమ్మ. పీట లాక్కుని మనవరాలి ఎదురుగా కూర్చుని, అదే కంచంలో చెయ్యి పెట్టింది.

"అత్తా, ఏటి సేస్తన్నారు!" అంది మీనాకుమారి.

"నాకేటవుతాదే? పళ్ళు ఎప్పుడో ఊడిపోనాయి, మొగుడు పోనాడు, కళ్ళు కనబడవు. ఇంకా నాకాడ పట్టుకుపోడానికి ఆ పురుక్కి ఏటి దొరుకుతాది?" అని ముద్ద కలుపుకుంది. ప్రశాంతి ఉప్పు చాలలేదని గొడవపెట్టుకుంది. గోడ అవతల మళ్ళీ ఆ గొంతు వినేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది.

కొన్నాళ్ళకి ఆస్పత్రి తరఫున ఇంటింటికీ తిరిగే ఆశా దీదీ వచ్చింది. ఇంట్లోవాళ్ళకీ, చుట్టుపక్కల దగ్గరగా మెలిగినవాళ్ళకీ ముందు జాగ్రత్తగా ఒక డోసు మందు ఇస్తారట. పేరు బయటపెట్టవచ్చా అని ప్రశాంతిని ముందే అడిగింది, ఊరందరికీ తనే పీటెక్కి చెప్పేసింది కదా అని అది ఒప్పుకుంది. దీదీ గుమ్మం గుమ్మానికీ తిరిగి, ఆ పిల్లతో దగ్గరగా ఎవరెవరు మెలిగారని అడిగింది. మా క్వార్టర్ల లైనులో ఒక్కరూ మెలగలేదు! ఆ పిల్ల ఎవరో సరిగా తెలియదన్నవాళ్ళు కూడా ఉన్నారు. అనిల్ కుమార్ అయితే, "దూరం నుంచి చూసేవాణ్ణి, దీదీ, బహుత్ దూర్ సే" అన్నాడు.

అప్పలనర్సమ్మ చీర కొంగు బిగించి వీధి మధ్యకి వచ్చింది.

"ఏటిరా అనిలూ! దూరమా? నా మనవరాలి కాళ్ళట్టుకుని నువ్వు నెగనేకపోతే నలుగురు నిన్ను నేపినారు, మరిసిపోనావేటి? ఏమ్మా సూసన్నా, మొగుడికి తెలవకండా వొచ్చి బొట్టెట్టించుకున్నావు, సర్చీకి పోతూ తుడుసుకున్నావు, నేను సూడనేదనుకున్నావా? ఓ పోలమ్మా, దాని సేతి కొబ్బరిముక్క నీ మనవడి నోట్లో ఎట్టించినావు కాదేటి? అప్పుడు ముట్టుకోడానికి తోసుకున్నారు, ఇప్పుడు ఎవులూ ముట్టుకోనేదా?"

వాళ్ళూ వీళ్ళూ తలుపులు తీశారు. డోసు మింగారు. ఈ మందుకి మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని దీదీ చెబుతూనే ఉంది. తాము ముట్టుకోలేదని ఒకరికొకరు చెప్పుకునే హడావుడిలో ఎవరూ వినలేదు.

అదేరోజు సాయంత్రానికి లైను పొడుగునా బాత్‌రూముల్లోంచి కేకలు మొదలయ్యాయి. అనిల్ కుమార్ టవలు చుట్టుకుని బయటికొచ్చి, తనకి రక్తం పోతోందని, అంబులెన్సు పిలవమని అరిచాడు. ప్రశాంతి గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏటీ కాదు అంకుల్, నెల నెలా ఈ మందు ఏసుకున్న రోజు నాకూ ఇంతే. రేపటికి తగ్గిపోతాది, ఎల్లి కూకోండి" అంది. వీధిలో అందరూ దాని దగ్గరికే వచ్చి, రంగు ఎంత ఎర్రగా ఉంటే ఫరవాలేదో అడిగి తెలుసుకున్నారు. మళ్ళీ లైను కట్టారు, ఈసారి కొబ్బరికాయలు లేకుండా.

అయినా మెహందీకి మాత్రం ఎవరూ చెయ్యి చాపలేదు. కోను పట్టుకుని అది న్యూస్ పేపర్ల మీద గీసుకునేది. నాకు ఒళ్ళు మండి, ఒకరోజు వెళ్ళి రెండు చేతులూ దాని ఒళ్ళో పెట్టాను. పుట్టి బుద్ధెరిగి నేను మెహందీ పెట్టుకోలేదు.

"ఆంటీ, గీత నిలవదు నాకు."

"నా చెయ్యీ అందమైనదేం కాదు. పెట్టు."

పెట్టింది. నెమలి వేద్దామనుకుందట. మా ఖరగ్‌పూర్ యార్డులో పట్టాల్లాగా గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఎటో పోయి, మళ్ళీ కలిశాయి. ఆదివారం చర్చిలో ఆ చేతులు జోడించేసరికి పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆగిపోయారు. నేను దించలేదు. వారం వారం వెళ్ళి పెట్టించుకున్నాను. నెమలికి మెల్లగా మెడ వచ్చింది, తర్వాత తోక వచ్చింది. తోక వచ్చిన వారం జెనీ వచ్చి, వాళ్ళమ్మ చూస్తుండగానే చెయ్యి చాపింది.

ఏడాది తిరిగి మళ్ళీ మాతాపూజ. మాత్రలు అయిపోవచ్చాయి. ముఖం మామూలుగా అయింది, రంగే ఇంకా పూర్తిగా తేరుకోలేదు. వంగిన వేళ్ళు దాదాపు నిటారయ్యాయి. స్పర్శ సంగతి మాత్రం ఎవరూ అడగడం లేదు, అదీ చెప్పడం లేదు. హారతి పళ్ళెం మనవరాలే పట్టుకోవాలని అప్పలనర్సమ్మ పట్టుబట్టింది. చేతికి వేడి తగలకూడదని నేను గోలపెడితే, ముసలామె పళ్ళెం కింద గుడ్డ మడత పెట్టి ఇచ్చింది. కమిటీకి ఎదురుచెప్పే ధైర్యం లేదు, ఆవిడకి అందరి సంగతులూ గుర్తున్నాయి కదా.

డప్పులు మోగుతున్నాయి. ప్రశాంతి నాలుగు వైపులా పళ్ళెం తిప్పుతోంది. తిప్పుతుంటే గుడ్డ పక్కకి జరిగింది. అంతలో, "అమ్మో!" అని ఒక కేక, పళ్ళెం ఎగిరి కింద పడింది. కర్పూరం చెదిరిపోయింది. డప్పులు ఆగాయి.

"హారతి పడిపోనాది, అపశకునం!" అన్నాడు మైకులో అనిల్ కుమార్.

అప్పలనర్సమ్మ వాడివైపు చూడలేదు. మనవరాలి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఏటయ్యిందే? ఎక్కడ? ఏ యేలు?"

ప్రశాంతి చేతిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. "సిటికెన యేలు మామ్మా" అంది. "మండుతంది. సిటికెన యేలు మండుతంది!"

"వాయించండ్రా!" అని ముసలామె డప్పులవాళ్ళ మీద అరిచింది. "ఇప్పుడర్రా, ఇప్పుడొచ్చినాది అమ్మ!"

ఎవరికి ఏం అర్థమైందో గాని డప్పులు మళ్ళీ అందుకున్నాయి. మీనాకుమారి ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను. శ్రీనివాస్ ఇంట్లోకి పరిగెత్తి కాలినచోట రాసే మందు ట్యూబు తెచ్చి, మూత తీసి, కూతురి వేలు పట్టుకోబోయాడు. అది చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆగు నాన్నా. ఇంకొంచెంసేపు మండనీ."